పేదరికం గురించి చదివితే మా అమ్మాయి పేదదైపోతుందా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తాం. అబ్బాయి అమెరికాలో ఎంఎస్ చేసి అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మాయి మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్‌తో డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. కొన్ని దేశాలు ధనికంగా, కొన్ని పేదగా ఎందుకు ఉన్నాయో చదువుతానంటోంది. లండన్‌లో ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ అని ఏడాది కోర్సుకు 38 లక్షలు అవుతుందట. అది చేస్తే ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం వస్తుందని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నేను ఎంబీఏ చెయ్యమంటున్నాను. పేదల గురించి చదివి తనూ పేదదైపోతే ఎలాగండి? లండన్ కోర్సు, ఇక్కడి ఎంఏ, ఎంబీఏ, ఈ మూడూ పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చి చెబుతాను గానీ, మీరు రాసినదాంట్లో కోర్సుల కంటే భయమే ఎక్కువ కనిపిస్తోంది. డెల్టా నుంచి ఇలాంటి ఉత్తరాలు నాకు చాలానే వస్తాయి, కోర్సు పేరు ఒక్కటే మారుతుంటుంది. అన్న డాలర్లు సంపాదిస్తుంటే చెల్లెలు సర్వే కాగితాలు పట్టుకుని ఊళ్లు తిరుగుతుందేమో, సంబంధాలు వచ్చినప్పుడు అమ్మాయి ఏం చేస్తోందంటే ఏం చెప్పాలో అని మీ బెంగ. అంత టెన్షన్ అక్కర్లేదండి. లెక్కలు, స్టాటిస్టిక్స్ గట్టిగా వచ్చిన ఎకనామిక్స్ విద్యార్థికి రిజర్వ్ బ్యాంకు, ఇండియన్ ఎకనమిక్ సర్వీస్ దగ్గర్నుంచి పరిశోధన సంస్థలు, డేటా కంపెనీల దాకా చాలాచోట్ల పని ఉంది. జీతం మీ అబ్బాయి డాలర్లతో తూగకపోవచ్చు. అంతమాత్రాన దాన్ని పేదరికం అనకండి.

కాస్త కటువుగానే అడుగుతాను. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మీ చెరువు గట్టు మీద ఏం మాట్లాడుకున్నారు? కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) ధర ఇలా పడిపోతే ఎలా, ఈక్వెడార్ రొయ్యకు మనకంటే తక్కువ సుంకం ఎందుకు, అనే కదా! మీ అమ్మాయి చదువుతానంటున్నది అదే. ఎక్కడో వాషింగ్టన్‌లో సంతకం పెడితే ఇక్కడ మీ మేత బాకీ ఎందుకు పెరగాలి అన్న ప్రశ్నకు జవాబు వెతుకుతానంటే, అది పనికిరాని చదువని మీరెలా అంటారు?

అసలు మన డెల్టా కథే ఈ సబ్జెక్టు. ఆనకట్ట లేనప్పుడు కరువులకూ తుపానులకూ ఇక్కడి జనం చెల్లాచెదురయ్యారు. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక కాలవ పారిన ఊళ్ల రాత మారింది. అదే జిల్లాలో మెట్ట రైతు వానకోసం ఎదురుచూస్తూ ఉండిపోయాడు. మెట్ట రైతు మనకంటే సోమరా? దేశాల సంగతీ అంతే. వలస పాలకులు ఎక్కడ ఎలాంటి వ్యవస్థలు పెట్టారన్నదాన్ని బట్టి తర్వాతి సంపద చాలావరకు తేలిందని వాదించిన ఆసెమోగ్లు, జాన్సన్, రాబిన్సన్ అనే ఆర్థికవేత్తలకు 2024లో నోబెల్ ఇచ్చారు. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. మీ అమ్మాయి ఏ పక్షమో మీరే అడిగి చూడండి, ఆ రాత్రి భోజనం దగ్గర మీకు ఎంబీఏ గుర్తురాదు.

ఇక లండన్. ఈ కోర్సు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. వీటికి గిరాకీ పెరిగింది ధనిక దేశాలు సాయం కింద ఇచ్చే డబ్బు చూసి. ఆ డబ్బే ఇప్పుడు ఎండిపోతోంది. అమెరికా 2025 జనవరిలో విదేశీ సాయాన్ని నిలిపేసింది, జూలైకల్లా ఆ సాయం పంచే సంస్థ యూఎస్‌ఎయిడ్‌నే మూసేసింది. బ్రిటన్ తన జాతీయాదాయంలో 0.7 శాతం ఇచ్చేది, 2021లో 0.5కి తగ్గించింది, 2027కల్లా 0.3కి దించుతానంది. అంటే పదేళ్లు, పదిహేనేళ్లు అనుభవం ఉండి ఉద్యోగాలు పోయినవాళ్లు కూడా అదే క్యూలో నిలబడ్డారు. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కు జీతం ఇవ్వరు. అక్కడ కొత్తవాళ్లను ఉద్యోగంలోకి తీసుకునే యంగ్ ప్రొఫెషనల్స్ పరీక్ష రాయగలిగే దేశాల జాబితా ఏటా మారుతుంది. ఇవేవీ కన్సల్టెన్సీ వాళ్ల బ్రోచర్‌లో ఉండవు. చదువయ్యాక బ్రిటన్‌లో ఉండి ఉద్యోగం వెతుక్కునే గడువును కూడా 2027 నుంచి రెండేళ్ల బదులు ఏడాదిన్నర చేస్తున్నారు.

నాకు ఇంకా పెద్ద అభ్యంతరం వేరే ఉంది. ఈ ఏడాది కోర్సుల్లో చాలావాటిలో వ్యాసాలు ఎక్కువ, లెక్కలు తక్కువ. మీ అమ్మాయి బలమే లెక్కలు. ఒక ఉదాహరణ చెబుతాను. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో కటిక పేదరికపు గీతను రోజుకు 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకు మార్చింది. దానికింద సుమారు 80 కోట్ల మంది ఉన్నారు. ఆ 3 డాలర్లను బ్యాంకు మారకపు రేటుతో రూపాయల్లోకి మార్చకూడదు, ఇక్కడి ధరలతో సరిచూడాలి. గీత కాస్త జరిగితే కోట్లమంది ఎందుకు అటూ ఇటూ అవుతారో లెక్కగట్టి చూపగలిగినవాళ్లకే ఈ రంగంలో ఉద్యోగం. పేదరికం మీద అందంగా రాయగలిగేవాళ్లు కావలసినంతమంది ఉన్నారు.

అందుకే ముందు ఇక్కడ ఎంఏ ఎకనామిక్స్ చేయించండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్, పుణెలో గోఖలే ఇన్‌స్టిట్యూట్ (అక్కడ దాన్ని ఎంఎస్సీ అంటారు) ఉన్నాయి. ఎంట్రన్సుల సంగతి అమ్మాయికి మీకంటే, నాకంటే బాగా తెలిసే ఉంటుంది. పేదరికం మీద పనికి 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ కూడా జేఎన్‌యూలో ఎంఏ చేశాకే హార్వర్డ్ వెళ్లారు. ఎంఏ తర్వాత రెండేళ్లు పేదల పథకాలు పనిచేస్తున్నాయో లేదో ఊళ్లలో పరీక్షించి చూసే జే-పాల్ సౌత్ ఏషియా లాంటిచోట రీసెర్చ్ అసోసియేట్‌గా చెయ్యనివ్వండి. ఉపాధి హామీ కూలీలకు స్మార్ట్‌కార్డుతో కూలి ఇస్తే ఏమవుతుందో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం పరిశీలించింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, 8 జిల్లాల్లో. కూలి త్వరగా అందింది, మధ్యలో దిగమింగేది తగ్గింది. అలాంటి పని చేశాక విదేశాలకు వెళ్తే, అమెరికాలో మంచి పీహెచ్‌డీలకు ఫీజు ఉండదు, వాళ్లే స్టైపెండ్ ఇస్తారు.

ఎంబీఏ గురించి ఒక్కమాట: తనకు ఇష్టం లేదు, పేరున్న కాలేజీలో సీటు రాకపోతే ఆ డబ్బూ దండగే.

సీటు పోతుంది, ఈ వారమే అడ్వాన్స్ కట్టండని కన్సల్టెన్సీ వాళ్లు తొందరపెడితే, కిందటేడు ఇదే కోర్సుకు వాళ్లు పంపిన పిల్లల్లో ఇద్దరి ఫోన్ నంబర్లు ఇమ్మనండి. అమ్మాయినే మాట్లాడనివ్వండి, మీరు పక్కన కూర్చోవద్దు. చెరువు కాగితాలు బ్యాంకులో పెట్టే ఆలోచన అప్పటిదాకా ఆపండి.