అబ్బాయి చేసిన ఆటను ముందు చూడండి

ప్రశ్న: మాది చిత్తూరు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మా అబ్బాయి తిరుపతిలో హాస్టల్లో ఉండి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. రెండు బ్యాక్‌లాగులు ఉన్నాయి. వీడియో గేములు తయారు చేసే రంగంలోకి వెళతానని, చదువు మానేసి బెంగళూరులో ఏడు లక్షలు కట్టి ఏడాది కోర్సులో చేరతానని పట్టుబట్టాడు. ఆ డబ్బు మా అమ్మాయి పెళ్లికని దాచింది. మొన్న సెలవులకు వచ్చి రాత్రి రెండింటి దాకా కంప్యూటర్ ముందే కూర్చుంటే కోపం పట్టలేక ల్యాప్‌టాప్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పటి నుంచి నాతో మాట్లాడడు, ఏదున్నా వాళ్ల అమ్మతోనే. ఇది వ్యసనమా, నిజంగా ఇదొక వృత్తేనా? నేనేం చేయాలి?

సమాధానం: మాస్టారూ, రాత్రి రెండింటి దాకా మీ అబ్బాయి ఆ తెర మీద ఏం చేస్తున్నాడన్న సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆడుతున్నాడా, తయారు చేస్తున్నాడా? గుమ్మంలో నిలబడి చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తాను రాసింది సరిగా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఆటను తయారు చేసేవాడు కూడా అదే చిన్న భాగాన్ని పదేపదే ఆడి చూసుకోవలసిందే. మీరడిగిన మొదటి ప్రశ్నకు జవాబు ఆ తెర మీదే ఉంది, దాన్ని చూడకుండా నేనైనా మీరైనా తీర్పు చెప్పలేము.

వ్యసనం మాట తేలిగ్గా అనదగినది కాదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మతకు చోటు కల్పించారు. ఆట మీద అదుపు తప్పడం, తిండి, నిద్ర, చదువు, స్నేహాలు అన్నింటికన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతోందని తెలిసినా ఆపలేకపోవడం, ఇవన్నీ సాధారణంగా ఏడాది పాటు కొనసాగితేనే వైద్యులు ఆ పేరు పెడతారు. సెలవుల్లో కొన్ని రాత్రులు మేలుకోవడం, రెండు బ్యాక్‌లాగులు అందుకు సరిపోవు. అయితే హాస్టల్లో స్నేహితులతో కూడా కలవకుండా ఉంటున్నాడని, తరగతులకు వెళ్లడం లేదని, నిద్ర పూర్తిగా తలకిందులైందని తెలిస్తే ఆలస్యం చేయవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు మీరే ఫోన్ చేసి మాట్లాడవచ్చు, తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగమూ ఉంది.

ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం మీది తప్పే. వాడు నిజంగా ఏదైనా తయారు చేస్తూ ఉంటే నెలల శ్రమ అందులోనే ఉంటుంది, వాడు మీకు చూపించగల ఆధారం కూడా అదే. కాబట్టి వాళ్ల అమ్మ ద్వారా కబురు పంపకుండా, ఒక ఆదివారం మీరే దాన్ని తీసుకుని తిరుపతి వెళ్లండి. చేతికిచ్చి, కోపంలో చేశానని ఒక్క మాట చెప్పి, అంతటితో ఆ సంగతి వదిలేయండి. భవిష్యత్తు గురించి అప్పుడే అడగకండి. ‘నువ్వు చేసినదేదైనా ఉంటే నాకు చూపించు’ అని మాత్రం అడగండి.

ఇక్కడ మీరు గణితం మాస్టారు కావడం కలిసివచ్చే సంగతి. పదో తరగతి నిరూపక జ్యామితిలో రెండు బిందువుల మధ్య దూరం కనుక్కునే సూత్రం చెబుతారు కదా, ఆటలో రెండు గుండ్రని వస్తువులు ఢీకొన్నాయో లేదో తేల్చేది అదే. కేంద్రాల మధ్య దూరం వ్యాసార్ధాల మొత్తం కన్నా తక్కువైతే ఢీకొన్నట్టు. విసిరిన బంతి గీసేది పరావలయం. కాపలావాడికి దొంగ కనిపిస్తున్నాడా లేదా అన్నది, కాపలావాడు చూస్తున్న దిశకూ దొంగ ఉన్న దిశకూ మధ్య కోణం ఎంత అన్న లెక్క, అంటే రెండు సదిశల (వెక్టర్ల) అదిశా లబ్ధం (డాట్ ప్రొడక్ట్). త్రిమితీయ ఆటలో ఒక బొమ్మను తిప్పాలన్నా జరపాలన్నా మాత్రికలు కావాలి. వాడు చూపించిన ఆటలో ఒక వస్తువును పట్టుకుని, ఇది ఇలా కదలడానికి ఏ లెక్క వేశావని అడిగి చూడండి. తయారు చేసినవాడైతే కాగితం తీసుకుని గీసి చూపిస్తాడు, ఎక్కడ తప్పు వచ్చిందో, దాన్ని ఎలా సరిదిద్దాడో కూడా ఆపకుండా చెబుతాడు. ఏమీ చేయనివాడు తాను ఆడిన పెద్ద పెద్ద ఆటల పేర్లు చెబుతాడు. ఆ తేడా మీకు పది నిమిషాల్లో తెలిసిపోతుంది, ఇన్నేళ్లుగా పిల్లల నోట్‌బుక్కులు దిద్దిన కళ్లు మీవి.

రెండో ప్రశ్నకు జవాబు: అవును, ఇది వృత్తే, సులభమైనది మాత్రం కాదు. మనకు దగ్గరగా ఉన్న బెంగళూరులో 1997లోనే ధ్రువ ఇంటరాక్టివ్ అనే ఆటల తయారీ సంస్థ మొదలైంది, 2019లో దానిని అమెరికాకు చెందిన పెద్ద గేముల సంస్థ రాక్‌స్టార్ గేమ్స్ కొనుగోలు చేసింది. ఇలాంటి చోట్ల ప్రోగ్రామర్లు, చిత్రకారులు, యానిమేటర్లు, శబ్దం చేర్చేవారు, తప్పులు పట్టే టెస్టర్లు, గడువులూ ఖర్చులూ చూసుకునే ప్రొడ్యూసర్లు కలిసి ఏళ్ల తరబడి ఒక్క ఆట మీద పనిచేస్తారు. డిజైనర్ అంటే బొమ్మలు గీసేవాడని చాలామంది అనుకుంటారు, నిజానికి ఆట నియమాలూ, ఆట ఎక్కడ ఎంత కష్టంగా, ఎంత తేలిగ్గా ఉండాలో నిర్ణయించేవాడు. కొత్తవారికి నేరుగా ఆ ఉద్యోగం దొరకడం అరుదు. ఎక్కువమంది ప్రోగ్రామర్‌గానో టెస్టర్‌గానో చేరి, తర్వాత అటు మళ్లుతారు. గడువు దగ్గరపడితే రాత్రింబవళ్లు పనిచేయించే అలవాటు ఈ రంగానికి ఉంది. కొలువు భద్రమనీ చెప్పలేను: 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగం నుంచి 1,900 మందిని తొలగించింది. ఇదంతా అబ్బాయికీ తెలిసి ఉండాలి, తెలియకపోతే తెలుసుకోమనండి.

మీ మనసులో ఇంకో భయం కూడా ఉండవచ్చు. మన ఊళ్లలో ‘గేములు’ అనగానే రమ్మీలో అప్పులపాలైన ఎవరో ఒకరు గుర్తుకు వస్తారు. అది వేరే వ్యవహారం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా అలాంటి ఆటలను నిషేధించింది. మీ అబ్బాయి చెబుతున్నది దాని గురించి కాదు.

ఇక ఏడు లక్షలు. ఇవ్వకండి. ఈ రంగంలో స్టూడియోలు ముందుగా చూసేది పోర్ట్‌ఫోలియోను, అంటే అభ్యర్థి స్వయంగా పూర్తి చేసిన పనిని. కోర్సు సర్టిఫికెట్టు దానికి ప్రత్యామ్నాయం కాదు. పని నేర్చుకునే సాధనాలకైతే పైసా ఖర్చు లేదు: ఆటలు తయారు చేసే సాఫ్ట్‌వేర్ గోడో, త్రిమితీయ బొమ్మలు తయారు చేసే బ్లెండర్ పూర్తిగా ఉచితం, గోడో లాంటివే అయిన యూనిటీ, అన్‌రియల్ ఇంజిన్లను నేర్చుకునేవారు డబ్బు కట్టకుండానే వాడుకోవచ్చు. నూరు శాతం ఉద్యోగమని ఆ సంస్థ చెబుతూ ఉంటే, ఒప్పంద పత్రంలో రాసింది ఉద్యోగ హామీయో, ఉద్యోగం వెతకడంలో సహాయమో అబ్బాయి చేతనే చదివించండి. అమ్మాయి పెళ్లి డబ్బు మీద ఆమెకు కూడా మాట ఉంది, ఆమెను అడగకుండా ఆ డబ్బు గురించి ఇంట్లో ఎవరూ బేరం పెట్టకూడదు.

డిగ్రీ మానేస్తానన్న మాటకు కూడా ఒప్పుకోవద్దు. అయితే ‘నేను చెబుతున్నాను కాబట్టి’ అనకండి, కారణం చెప్పండి. బెంగళూరులోని జాతీయ డిజైన్ సంస్థ ప్రాంగణంలో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎం.డెస్ (డిజైన్‌లో పీజీ) ఉంది. వాడికి నిజంగా డిజైనే కావాలంటే అంతకన్నా మంచి దారి నాకు కనిపించదు, దానికి ప్రవేశ పరీక్షతో పాటు డిగ్రీ తప్పనిసరి. ఈ రంగం కుదరకపోయినా బీటెక్ చేతిలో ఉంటే వేరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి దారి మూసుకుపోదు.

అందుకని వాడితో ఒక ఒప్పందానికి రండి. వచ్చే సప్లిమెంటరీల్లో రెండు బ్యాక్‌లాగులూ తీసేయాలి. ఏడాది లోపల ఒక చిన్న ఆట, పది నిమిషాలు ఆడగలిగేదైనా సరే, మొదటి నుంచి చివరి దాకా పూర్తి చేసి, ముక్కూ మొహం తెలియనివారి చేత ఆడించాలి. మొదలుపెట్టడం అందరూ చేస్తారు, పూర్తి చేసేవారే తక్కువ. ఏటా జనవరి చివర్లో జరిగే గ్లోబల్ గేమ్ జామ్‌లో, అంటే కొద్ది రోజుల్లోనే ఒక ఆటను తయారు చేసే కార్యక్రమంలో, ఇద్దరు ముగ్గురు మిత్రులతో కలిసి పాల్గొంటే, గడువు లోపల పని ముగించడం అంటే ఏమిటో తెలిసివస్తుంది. మీ వైపు నుంచి, ఆ ఏడాదంతా రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నావని అడగకుండా ఉండాలి. నెలకొకసారి ఆట ఎంతవరకు వచ్చిందో చూపించమనండి, ఆడి చూసి నచ్చనిది నచ్చలేదని చెప్పండి. ఆ మాట వాడికి కోపం తెప్పించదు, పైగా పనికొస్తుంది.

నాలుగో సంవత్సరం ప్రాజెక్టుగా ఒక ఆటనే తీసుకోవడానికి గైడ్ ఒప్పుకుంటే చదువూ ఈ పనీ ఒకే దారిలో నడుస్తాయి. ప్రాజెక్టు బృందాలు, అంశాలు ఖరారయ్యే లోపే వాడు తన విభాగంలో ఈ మాట అడగాలి గనుక, మీరు తిరుపతి వెళ్లేది ఈ నెలలోనే అయితే మంచిది.