ఏసీపీ ప్రద్యుమన్ అభిమానుల గురించి రాస్తున్న ఒక యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది, తీరిగ్గా కూర్చుని చదివాను. హిందీ నేరపరిశోధన ధారావాహిక సి.ఐ.డి.లో ఏసీపీ ప్రద్యుమన్ మరణించినట్టు 2025 ఏప్రిల్‌లో ప్రకటించినప్పుడు అభిమానులు అంతగా ఎందుకు కలత చెందారన్నది నీ అంశం. మంచి అంశమే, వాక్యం మీద నీకు పట్టు కూడా వచ్చింది. అయితే మొదటి పేరాలోనే వాళ్ళను “లేని మనిషి కోసం ఏడ్చే అమాయకులు” అని తేల్చేసి, మిగిలిన వ్యాసమంతా ఆ తీర్పుకు సాక్ష్యాలు ఏరుకుంటూ పోయావు. తీర్పు ముందే రాసిపెట్టుకున్నవాడికి ఎదుటివాళ్ళు చెప్పేది సగమే వినిపిస్తుంది. ఈ ఉత్తరం ఆ మిగతా సగం గురించి.

వాళ్ళు అమాయకులు కారనడానికి రుజువు ఆ ధారావాహికలోనే ఉంది, నువ్వు దాన్ని దాటుకుంటూ వెళ్ళిపోయావు. ఫ్రెడ్రిక్స్ పాత్రతో ఏళ్ళ తరబడి నవ్వించిన దినేశ్ ఫడ్నీస్ 2023 డిసెంబరులో కన్నుమూశారు. 1998 జనవరిలో మొదలై 2018 అక్టోబరులో ఆగిన ఆ కార్యక్రమం 2024 డిసెంబరులో మళ్ళీ ప్రసారమయ్యేసరికి ఆయన లేరు. ఆ లోటుకు అభిమానులు బాధపడ్డారు, పాత ఎపిసోడ్లు వెతికి చూసుకున్నారు, కానీ రచయితలను నిందించలేదు. అదే అభిమానులు కొద్ది నెలలకే ప్రద్యుమన్ విషయంలో రచయితల మీద, చానల్ మీద విరుచుకుపడ్డారు. నటుడి మరణానికి, పాత్ర మరణానికి మధ్య తేడా తెలియనివాళ్ళయితే ఈ రెండు సందర్భాల్లోనూ ఒకేలా స్పందించి ఉండేవారు. మొదటిది విధి, రెండోది ఎవరో ఒక గదిలో కూర్చుని తీసుకున్న నిర్ణయం. ఆ తేడా తెలుసు కాబట్టే ఒకచోట కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఇంకోచోట కోప్పడ్డారు. నీ వ్యాసం ఇక్కడి నుంచి మొదలై ఉంటే బాగుండేది.

ఇక ఆ కోపం దేనిమీద అన్నది చూడు. నేరస్థులను వెంటాడే పోలీసు అధికారి నేరస్థుడి చేతిలో చనిపోవడం ఆ తరహా కథలో అసహజమేమీ కాదు. కథలోని ప్రతినాయకుడు బార్బోసా పెట్టిన బాంబు పేలి ప్రద్యుమన్ పోవడాన్ని ఎవరూ అన్యాయమనలేదు. నొప్పి కలిగింది ఆ కబురు వచ్చిన తీరుకు. ఇరవై ఏళ్ళకు పైగా ప్రతి కేసుకూ ముందు నిలిచిన మనిషికి శ్రద్ధాంజలి ఘటిస్తూ చానల్ సామాజిక మాధ్యమాల్లో ఒక పోస్టర్ పెట్టింది. ఆ పాత్రధారి శివాజీ సాటం తాను కొంతకాలంగా విరామంలో ఉన్నానని, ఆ పాత్ర ఏమవుతుందో నిర్మాతలకే తెలుసని పత్రికలకు చెప్పారు. ఆ వెనుకే కొత్త ఏసీపీ ఆయుష్మాన్‌గా పార్థ్ సమథాన్ వస్తున్నారన్న ప్రచారం మొదలైంది. దినకర్మ కాకముందే పెద్దాయన పడకకుర్చీలో మరొకరిని కూర్చోబెట్టినట్టు అనిపించింది చూసేవాళ్ళకు. ఆ కూర్చున్న నటుడి తప్పు ఇందులో ఏమీ లేదు, పాపం, కానీ ఆగ్రహంలో సగం ఆయనే మోయాల్సి వచ్చింది.

ఇక్కడ నువ్వు చెయ్యని పని ఒకటుంది. అభిమానులు పోగొట్టుకున్నదేమిటో విడమరచి చెప్పలేదు. “బాల్యం గుర్తుకొచ్చింది” అన్న మాట నీ వ్యాసంలో పదేపదే వస్తుంది, అది ఎవరైనా అనగల మాట. దానికి బదులు ప్రయోగశాలలోని ఒక సన్నివేశం తీసుకో. శవం బల్ల మీద ఉంటుంది. ప్రద్యుమన్ లోపలికి వస్తూనే ఏం తేలిందని తొందరపెడతాడు. డాక్టర్ సాలుంఖే విసుక్కుంటాడు. ఇద్దరూ ఒకరినొకరు దెప్పుకుంటారు. ఆ కీచులాట మధ్యలోనే అసలు ఆధారం బయటపడుతుంది. తర్వాత ఏసీపీ చెయ్యి పైకెత్తి, గాలిలో వేళ్ళు తిప్పుతూ “కుఛ్ తో గడ్‌బడ్ హై” (ఏదో తేడాగా ఉంది) అంటాడు, అతని బృందంలోని ఇన్‌స్పెక్టర్ దయా ఒక తలుపు బద్దలు కొడతాడు. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన మన తెలుగు ఇళ్ళలో కూడా పిల్లలు ఆ మాటను, ఆ వేళ్ళ విన్యాసంతో సహా, అనుకరించేవారు. ప్రద్యుమన్ పోతే పోయేది ప్రద్యుమన్ ఒక్కడే కాదు. సాలుంఖే ఎవరితో పోట్లాడాలి? తలుపు పగలగొట్టమని దయాకు ఎవరు చెప్పాలి? మిగిలిన ప్రతి పాత్రలోనూ సగం అతనితోపాటే వెళ్ళిపోతుంది. అభిమాని “ఇక ఆ సీరియల్ మునుపటిలా ఉండదు” అన్నప్పుడు చెబుతున్నది ఇదే, అంత వివరంగా చెప్పడం అతని పని కాదు, నీది.

అమెరికా ధారావాహికల ప్రస్తావన ఒక్క వాక్యంలో తెచ్చి వదిలేశావు. అక్కడ నీకు బోలెడంత సరుకుంది. లా అండ్ ఆర్డర్: స్పెషల్ విక్టిమ్స్ యూనిట్‌లో డిటెక్టివ్ ఎలియట్ స్టేబ్లర్‌గా 12 సీజన్లు నటించిన క్రిస్టఫర్ మెలోనీ, ఒప్పందం కుదరక 2011లో తప్పుకున్నాడు. ఆఖరి ఎపిసోడ్లో వీడ్కోలు లేదు, ఎందుకంటే అది ఆఖరిదన్న ఉద్దేశంతో తీసినది కాదు. తర్వాతి సీజన్ మొదట్లో అతను రాజీనామా చేశాడని పై అధికారి చెబితే, ఇన్నేళ్ళు పక్కన నడిచిన ఒలీవియా బెన్సన్ ఒంటరిగా ఒక గదిలోకి వెళ్ళి ఏడుస్తుంది. నా దృష్టిలో ఆ ధారావాహికను నిలబెట్టింది ఆ ఏడుపే. కారణం చెప్పకుండా వెళ్ళిపోయిన మనిషి మీద ప్రేక్షకుడికి ఎంత బాధ ఉందో అంతే బాధ కథలో ఒకరు పడుతున్నారు, తాను పిచ్చివాడు కాదని అతనికి ఒక తోడు దొరికింది. 2021 ఏప్రిల్‌లో స్టేబ్లర్ తిరిగొచ్చినప్పుడు బెన్సన్ అతన్ని హత్తుకుని ఊరుకోలేదు, చెప్పకుండా మాయమైపోయినందుకు నిలదీసింది. పదేళ్ళుగా అభిమానులు మనసులో పెట్టుకున్న మాటను ఆమె చేత అనిపించిన రచయితకు ఆ అభిమానులంటే గౌరవం ఉందని నాకనిపిస్తుంది.

మరో అమెరికా నేరపరిశోధన ధారావాహిక సి.ఎస్.ఐ.లో ప్రధాన పాత్ర గిల్ గ్రిస్సమ్ నిష్క్రమణ ఇందుకు పూర్తిగా వేరు. ఆ పాత్రధారి విలియమ్ పీటర్సన్ రంగస్థలానికి మళ్ళాలనుకుని చెప్పి మరీ వెళ్ళాడు కాబట్టి, 2009 జనవరిలో ప్రసారమైన ఆ ఎపిసోడ్‌ను తీరిగ్గా రాసుకునే వీలు దొరికింది. అందులో అతను ప్రసంగాలేవీ చెయ్యడు. ప్రయోగశాల నడవా వెంట నడుస్తూ, పనిలో మునిగి ఉన్న సహచరులను అద్దాల గోడల అవతలి నుంచి ఒక్కొక్కరినే చూసుకుంటూ పోతాడు. అభిమానులు బాధపడ్డారు, సందేహం లేదు. కానీ మోసపోయామని మాత్రం అనలేదు. స్టేబ్లర్ కథలో వీడ్కోలు లేకపోయినా దుఃఖించే మనిషి ఉంది, గ్రిస్సమ్ కథలో వీడ్కోలే ఉంది. ప్రద్యుమన్ విషయంలో ప్రేక్షకుడి చెవికి ముందుగా చేరింది కథ కాదు, ప్రకటన. నీ వ్యాసానికి వెన్నెముక ఇదేనని నా నమ్మకం. అభిమానులు అతిగా స్పందించారా అన్న ప్రశ్న కంటే, వాళ్ళు ఏడవడానికి కథలో చోటు మిగిల్చారా అన్న ప్రశ్న నిన్ను చాలా దూరం తీసుకెళ్తుంది.

చిన్న దిద్దుబాటు ఒకటి. 1893 డిసెంబరులో షెర్లాక్ హోమ్స్ మరణించినప్పుడు లండన్ యువకులు నల్లపట్టీలు కట్టుకుని తిరిగారని రాశావు. ఈ మాట అందరూ రాస్తారు, కానీ దీనికి ఆనాటి ఆధారమేదీ దొరకలేదు. కొట్టెయ్. పాఠకుల ఒత్తిడి, ప్రచురణకర్తల డబ్బు కలిసి 1903లో హోమ్స్‌ను బతికించాయన్నది చాలు. కట్టుకథ చేర్చితే నిజం కూడా అనుమానాస్పదమవుతుంది. ఇంకొకటి, వ్యాఖ్యలను గుత్తులు గుత్తులుగా పేర్చడం మానెయ్. ఒకే ఒక్క ప్రేక్షకుణ్ణి ఎంచుకుని, కూర్చోబెట్టి, ఏ సన్నివేశం మళ్ళీ చూడాలనిపిస్తుందో అడుగు. అతను చెప్పిన సన్నివేశాన్ని నువ్వు కూడా చూసి, అప్పుడు రాయి. అతను నవ్వుతూ చెబితే నవ్వుతూనే రాయి, శోకాలు అతికించకు. ఒక కల్పిత పోలీసు అధికారిని తలుచుకుని ఇంతగా బాధపడుతున్నానేమిటని తన మీద తానే జోకులు వేసుకునే అభిమానులు చాలామంది ఉన్నారు; ఆ హాస్యం నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

చివరి భాగాన్ని మాత్రం మొత్తంగా తిరగరాయాలి. ప్రద్యుమన్ కొన్ని వారాలకే తిరిగి వచ్చాడు కాబట్టి గొడవంతా ఉత్తదేనని తేల్చి ముగించావు. నాకైతే అసలు గొడవ అక్కడే మొదలైందనిపిస్తోంది. బతికే ఉన్నాడని తెలిసి సంతోషించిన అభిమానే, రేపు అదే ధారావాహికలో ప్రద్యుమన్ సహచరులైన అభిజీత్‌కో దయాకో తూటా తగిలితే కుర్చీ అంచుకు జరుగుతాడా, లేక ఎలాగూ తిరిగొస్తాడులే అని ఫోన్ తీస్తాడా? నేరకథకు ప్రాణభయమే పెట్టుబడి. ఒక మరణాన్ని వెనక్కి తీసుకున్నప్పుడు ఆ పెట్టుబడిలో ఎంత కరిగిపోయిందో ఆ ప్రేక్షకుణ్ణే అడిగి రాయి. ఆ భాగం పూర్తయ్యాక వ్యాసం మళ్ళీ పంపు, చూస్తాను.

శుభాకాంక్షలతో.