రేడియేటర్‌కు కరెంటు ఫ్యాన్: బండి ఓనర్ల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బండి హీటెక్కడం గురించే. నల్లగొండలో నేను నడిపే ఆటో ఎలక్ట్రికల్ షాపుకు కూడా ఎండలు ముదిరాయంటే ఇవే కేసులు. అందుకే ఈ పేజీ మొత్తం ఫ్యాన్లకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నాది పాత 407 (చిన్న లారీ). మిల్లులకు వడ్లు తోలుతాను. రోడ్డు మీద పోతుంటే టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంటుంది. మిల్లు ముందు లైన్లో నిలబెట్టి, కొంచెం కొంచెం జరుపుతుంటేనే హీటెక్కుతుంది. ఇంజన్ ఫ్యాన్ పీకేసి, పాత కారు ఫ్యాన్లు రెండు పెట్టి, డ్యాష్‌బోర్డు మీద స్విచ్ ఇస్తే సరిపోతుందని మా దోస్తు అంటున్నాడు. మైలేజీ కూడా పెరుగుతుందట. పెట్టించమంటారా?
– ఓనర్ కమ్ డ్రైవర్, మిర్యాలగూడ

జవాబు: అన్నా, సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ఇంజన్ ఫ్యాన్ బెల్టుతో తిరుగుతుంది. ఇంజన్ నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. రోడ్డు మీద 50, 60 స్పీడులో ఉన్నప్పుడు ఎదురు గాలే చాలావరకు పని చేసిపెడుతుంది. లైన్లో ఆగిన బండికి ఎదురు గాలీ ఉండదు, ఫ్యాన్‌కు వేగమూ ఉండదు. కరెంటు ఫ్యాన్‌కు ఇంజన్ వేగంతో పని లేదు, కాబట్టి మీ బండికి అది పనికొస్తుంది. కానీ ఇంజన్ ఫ్యాన్ మాత్రం పీకకండి. దాన్ని అలాగే ఉంచి, రేడియేటర్ ముందు వైపు 12 లేదా 14 అంగుళాల ఫ్యాన్ ఒక్కటి సాయంగా పెట్టించండి. లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ ఫ్యాన్ మీకు చాలా అవసరం. పైగా ఎక్కడో ఒక వైరు తెగినా, ఫ్యూజు పోయినా బండి ఇల్లు చేరుతుంది.

ఏ ఫ్యాన్ కొనేముందైనా రేడియేటర్ చూడండి. మిల్లుల దగ్గర తిరిగే బండ్ల రేడియేటర్లు ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తాయి. వెనక నుంచి టార్చి వేస్తే మాత్రం వెలుతురు అవతలికి రాదు. ఊక దుమ్ము లోపలి వరసల్లోకి దూరి, ఇంజన్ నుంచి లేచే ఆయిల్ తడికి అంటుకుని, వేలితో లాగితే మందపాటి గుడ్డలా ఊడి వస్తుంది. దాని గుండా ఏ ఫ్యాన్ గాలి పోదు. ఇంజన్ వైపు నుంచి ముందుకు, నీళ్ళు మెల్లగా కొట్టి కడగండి. సర్వీసింగ్ సెంటర్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగి దారి ఇంకా మూసుకుపోతుంది.

లోపలి సంగతి కూడా అంతే ముఖ్యం. మన జిల్లా బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర ఎలా కడుతుందో మీకు తెలుసు. అదే పొర రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. బోరు నీళ్ళు పోయడం మానేసి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడండి. మూత పీడనం నిలబెడితేనే నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి.

నీళ్ళు వేడెక్కాకే రేడియేటర్‌కు దారి వదిలే థర్మోస్టాట్ వాల్వ్ బండిలో ఉందా, ఎవరైనా తీసి పారేశారా? ఎండాకాలం రాగానే దాన్ని తీసేయడం మన దగ్గర అలవాటైపోయింది. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అది లేకపోతే రోడ్డు మీద ఇంజన్ సరిపడా వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలోనైతే నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా పక్క దారినే తిరిగి ఇంకా హీటెక్కుతాయి. కరెంటు ఫ్యాన్ ఎప్పుడు తిరగాలో లెక్క కట్టడానికీ ఆ వాల్వే ఆధారం. కాబట్టి ముందు వాల్వ్ పెట్టించండి.

ఇక డ్యాష్‌బోర్డు స్విచ్. మీ దోస్తు సలహాలో నాకు భయం వేసింది ఇక్కడే. డ్రైవర్‌కు ఫోన్ వస్తుంది, మిల్లు గుమాస్తా పిలుస్తాడు, నిద్ర ముంచుకొస్తుంది. స్విచ్ వేయడం ఒక్కసారి మరిచిపోతే హెడ్ వంగి, గాస్కెట్ పోయి, నెల సంపాదన మెకానిక్ చేతిలో పెట్టాలి. ఫ్యాన్‌ను ఆన్ చేయాల్సింది నీళ్ళ వేడి. మనిషి చేతి మీద వదలకండి. ఇంజన్ నుంచి వేడి నీళ్ళు బయటికొచ్చే చోట, వాల్వ్ కంటే ముందు, ఇంజన్ వైపున టెంపరేచర్ స్విచ్ బిగించాలి. వాల్వ్ మీద 82 (అది తెరుచుకునే డిగ్రీలు) అని ఉంటే ఫ్యాన్ 92 నుంచి 95 మధ్య ఆన్ కావాలి, 87 దగ్గర ఆఫ్ కావాలి. స్విచ్ మొన ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండాలి. నీళ్ళు కారిపోయి అది ఆవిరిలో మిగిలితే ఇంజన్ కాలుతున్నా దానికి సరిగా తెలియదు. రేడియేటర్ రేకుల మధ్య గుచ్చే సెన్సర్లు తేలికగా దొరుకుతాయి కానీ, గతుకుల్లో ఊగి ఊగి గొట్టాన్ని కోసేస్తాయి. లారీకి వద్దు.

డ్యాష్‌బోర్డు మీద స్విచ్ కావాలంటే పెట్టించుకోండి. కానీ అది ఫ్యాన్‌ను బలవంతంగా ఆన్ చేయడానికే ఉండాలి, ఆఫ్ చేయడానికి ఉండకూడదు.

వైరింగ్ గురించి ఎలక్ట్రీషియన్‌కు చదివి వినిపించడానికి వీలుగా రాస్తున్నాను. ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీయాలి. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే 30 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) 30వ పిన్నుకు. 87 నుంచి ఫ్యాన్ ప్లస్‌కు. ఈ దారంతా కనీసం 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఉండాలి, ఫ్యాన్ 20 ఆంపియర్లు దాటితే 6. తాళం వేస్తే వచ్చే కరెంటు చిన్న ఫ్యూజు మీదుగా 86కు ఇవ్వాలి. 85 నుంచి వైరు టెంపరేచర్ స్విచ్‌కు పోతుంది, అక్కడ ఎర్త్ అవుతుంది. మీ డ్యాష్‌బోర్డు స్విచ్ కూడా ఇదే 85ను ఎర్త్ చేస్తుంది. ఒకే పిన్ను ఉన్న టెంపరేచర్ స్విచ్‌కు మర మీదుగానే ఎర్త్ దొరుకుతుంది. లీకు కాకూడదని దానికి టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ఎర్త్ తెగిపోయి ఫ్యాన్ తిరగదు. ఫ్యాన్ మైనస్ వైరు కూడా ప్లస్ అంత లావుగా, పెయింటు గీకిన చాసిస్ మీదికి లగ్గుతో రావాలి. ఎక్కువ బండ్లలో తేడా వచ్చేది ఈ ఎర్త్ దగ్గరే.

ఫ్యాన్‌ను ప్లాస్టిక్ ట్యాగులతో రేడియేటర్ రేకులకు కట్టనివ్వకండి. కోణం పట్టీలు చేయించి ఫ్రేముకే బిగించాలి. గాలి ఇంజన్ వైపే పోవాలి, ఇంజన్ ఫ్యాన్ లాగేదీ అటే. ప్లస్, మైనస్ తారుమారైతే రెండు ఫ్యాన్లూ ఒకదానితో ఒకటి కొట్లాడతాయి. ఇంజన్ ఆపి, కరెంటు ఫ్యాన్ ఒక్కటే తిప్పి, రేడియేటర్ వెనక పలుచటి కాగితం పెట్టి చూడండి. పాత కారు ఫ్యాన్లు చాలావరకు వెనక నుంచి లాగడానికి చేసినవి. వాటిని తెచ్చి ముందు పెట్టి వైర్లు మార్చినంత మాత్రాన రెక్క వంపు మారదు, గాలి సగం కూడా రాదు. ముందు పెట్టడానికి నెట్టే రకం అడిగి తీసుకోండి. పాతది తెచ్చినా కొత్తది తెచ్చినా క్లాంప్ మీటర్ పెట్టి ఎన్ని ఆంపియర్లు లాగుతుందో చూడనిదే బిగించవద్దు.

చివరి పరీక్ష రాత్రి చేయండి. బండి ఐడిలింగ్‌లో ఉంచి హెడ్‌లైట్లు, వైపర్, ఫ్యాన్ అన్నీ వేసి బ్యాటరీ మీద మల్టీమీటర్ పెట్టండి. 13 వోల్టుల పైన నిలబడితే ఆల్టర్నేటర్ మోస్తోంది. పన్నెండున్నరకు దిగి ఇంకా పడిపోతుంటే బ్యాటరీయే కరిగిపోతోంది, అప్పుడు పెద్ద ఆల్టర్నేటర్ తప్పదు.

మైలేజీ గురించి ఆశ పెట్టుకోకండి. ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చేది కూడా ఆ ఇంజనే. పైగా ఇంజన్ ఫ్యాన్ అలాగే ఉంచమంటున్నాను కాబట్టి మీకు మిగిలేది డీజిల్ కాదు, ఇంజన్.

ప్రశ్న: మా పికప్‌కు ఇంజన్ ఫ్యాన్ తీసేసి కరెంటు ఫ్యాన్ పెట్టించాం. మన్ననూర్ మీదుగా శ్రీశైలం ట్రిప్పులు వేస్తాను. ఫ్యాన్ ఒక్కసారి ఆన్ అయితే మళ్ళీ ఆగదు, చలికాలం పొద్దున కూడా అంతే. స్విచ్ మీద 80 అని ఉంది. ముందే చల్లబరిస్తే మంచిదే కదా అని మా అన్న అంటున్నాడు.
– అచ్చంపేట

జవాబు: తమ్ముడూ, మీ వాల్వ్ 82 దగ్గర తెరుచుకునేదైతే ఫ్యాన్ ఎప్పటికీ ఆగదు. నీళ్ళు 82 కంటే తగ్గబోతే వాల్వ్ మూసుకుని వేడిని ఇంజన్‌లోనే ఆపుతుంది. అందువల్ల నీళ్ళు స్విచ్ ఆఫ్ అయ్యేంత చల్లబడవు. వాల్వ్ వేడి కోసం, ఫ్యాన్ చల్లదనం కోసం పట్టుబడుతుంటే మధ్యలో మోటార్ బ్రష్‌లు అరుగుతాయి, ఆల్టర్నేటర్ మీద ఊరికే లోడు పడుతుంది. ముందే చల్లబరచడం వల్ల ఒరిగేదేమీ లేదు. 92 నుంచి 95 మధ్య ఆన్ అయ్యే స్విచ్ మార్పించండి.

మీ రూటు గురించి ఒక మాట. ఈగలపెంట దాటి డ్యామ్ దాకా దిగుడే కాబట్టి ఇంజన్ చల్లగా ఉంటుంది. వెంటనే సున్నిపెంట వైపు ఎక్కుడు మొదలవుతుంది. లోడుతో సెకండ్ గేర్లో ఎక్కుతుంటే ఎదురు గాలి ఉండదు, వేడి మాత్రం నిండుగా పుడుతుంది. మీకు వెనక ఇంజన్ ఫ్యాన్ కూడా లేదు. కాబట్టి ఫ్యాన్ చుట్టూ, రేడియేటర్ మొత్తాన్ని కప్పే రేకు డొప్ప ఉందో లేదో ఈ రోజే చూడండి. అది లేకపోతే రెక్కలు తిరిగినంత మేరకే గాలి ఆడుతుంది, మూలలన్నీ వేడిగానే ఉండిపోతాయి. వీలైతే రెండో ఫ్యాన్‌కు వేరే రిలే, అయిదు డిగ్రీలు ఎక్కువ ఉన్న వేరే స్విచ్ పెట్టించండి. అవసరమైనప్పుడే రెండోది కలుస్తుంది, రెండు మోటార్ల స్టార్టింగ్ కరెంటు ఒకేసారి మీద పడదు. 105 దగ్గర మోగే బజర్ కూడా పెట్టించండి. ఘాట్‌లో డ్రైవర్ కళ్ళు మలుపు మీద ఉంటాయి, ముల్లు మీద ఉండవు.

ఇంజన్ ఫ్యాన్ తీసేటప్పుడు పాత బోల్టులే మళ్ళీ బిగించారా? చాలా ఇంజన్లలో ఫ్యాన్‌నూ పుల్లీనీ పట్టేవి అవే బోల్టులు. ఫ్యాన్ మందం తగ్గాక అవి అడుగు తగిలి ఆగిపోతాయి, బిగిసినట్టే అనిపిస్తాయి కానీ పుల్లీ వదులుగా ఉంటుంది. పొట్టి బోల్టులు వేయించాలి. ఆ పుల్లీయే నీళ్ళ పంపును తిప్పుతుంది.

ప్రశ్న: 24 వోల్టుల టిప్పర్. ఇంజన్ ఫ్యాన్ తీసి కరెంటు ఫ్యాన్లు పెట్టవచ్చా?
– జడ్చర్ల

జవాబు: వద్దు. పెద్ద డీజిల్ ఫ్యాన్ పూర్తిగా లాగేటప్పుడు పది హార్స్‌పవర్ అనుకున్నా ఏడున్నర కిలోవాట్లు. 24 వోల్టుల మీద అది 310 ఆంపియర్లు. మీ ఆల్టర్నేటర్ ప్లేటు మీద రాసిన అంకెతో పోల్చి చూడండి. అంత కరెంటు ఇచ్చే ఏర్పాటు మీ బండిలో లేదు. హీటెక్కుతుంటే ఫ్యాన్ మధ్యలో ఉండి, వేడిని బట్టి దాన్ని పట్టి వదిలే విస్కస్ క్లచ్ చూపించండి. ఇంజన్ బాగా వేడెక్కాక ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాక ఫ్యాన్‌ను చేత్తో తోయండి. అడ్డు లేకుండా చాలా చుట్లు తిరిగితే, లేదా క్లచ్ చుట్టూ జిడ్డు కారిన మరకలు ఉంటే, అది పోయినట్టే. బీఎస్-6 బండి అయితే ఫ్యాన్ వైర్లను అసలు ముట్టుకోవద్దు, దాన్ని నడిపేది ఇంజన్ కంప్యూటరే.

ప్రశ్న: తాళం తీసినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. పొద్దునకల్లా బ్యాటరీ డౌన్. ఫ్యూజు పీకితేనే ఆగుతుంది.
– దేవరకొండ

జవాబు: ముందు రిలే 86వ పిన్ను వైరు ఒక్కటి ఊడదీయండి. ఫ్యాన్ ఆగిపోతే తాళం తీసినా అక్కడికి కరెంటు వస్తున్నట్టు, కనెక్షన్ తప్పుగా తీసుకున్నారు. ఊడదీసినా తిరుగుతుంటే రిలే లోపల పాయింట్లు అతుక్కుపోయాయి. రిలే బయటికి లాగి సాకెట్ చూడండి. 30, 87 పిన్నుల దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, పిన్ను చుట్టూ ఉబ్బి ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన వస్తుంది. ఫ్యాన్ మొదలయ్యే క్షణంలో మామూలుగా లాగే దానికి రెండు మూడు రెట్ల కరెంటు లాగుతుంది. హారన్ కోసం చేసిన చిన్న రిలే దాన్ని తట్టుకోలేదు. 40 ఆంపియర్ల రిలే వేయండి, సాకెట్ కూడా మార్చండి. కాలిన సాకెట్‌లో పిన్ను పట్టు వదులుగా ఉంటుంది కాబట్టి కొత్త రిలే కూడా అలాగే కాలుతుంది. ఆ తర్వాత ఫ్యాన్ మోటార్ ఎన్ని ఆంపియర్లు లాగుతుందో కొలవండి. మోటార్ బుష్ పట్టేసి ఎక్కువ లాగుతుంటే ఎంత పెద్ద రిలే వేసినా నిలవదు, మోటారే మార్చాలి. అది చూపించే దాకా రాత్రిళ్ళు బండి ఆపగానే ఫ్యూజు పీకి పెట్టండి.