లిఫ్ట్ కదలగానే ఒళ్లు బరువెక్కుతోంది.. గుండె జబ్బా?

ప్రశ్న: నా వయసు 46. ఆఫీసు 14వ అంతస్తులో. లిఫ్ట్ పైకి కదలగానే ఒళ్లంతా బరువెక్కుతుంది. ఆగే ముందు కడుపులో ఏదో జారినట్టు, తేలిపోతున్నట్టు ఉంటుంది. మధ్యలో ఏమీ ఉండదు. మెట్లెక్కినా ఇబ్బంది లేదు. అయినా గుండె జబ్బేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: మధ్యలో ఏమీ ఉండదన్నారు చూడండి, అసలు విషయం అక్కడే ఉంది. గుండె జబ్బు లిఫ్ట్ కదిలే క్షణం, ఆగే క్షణం చూసుకుని రాదు. అలాగని ఇది మీ భ్రమా కాదు. ఆ రెండు క్షణాల్లో మీ పాదాల మీద ఒత్తిడి నిజంగానే మారుతుంది.

నేల మన పాదాలను పైకి నెడుతుంది కాబట్టే మనకు బరువు తెలుస్తుంది. 60 కిలోల మనిషి లిఫ్ట్‌లో బరువు చూసే మెషీన్ మీద నిలబడ్డాడనుకోండి. పైకి బయలుదేరిన లిఫ్ట్ వేగం సెకనుకు ఒక మీటరు చొప్పున పెరుగుతుంటే, మెషీన్ దాదాపు 66 చూపిస్తుంది. వేగం నిలకడగా ఉన్నంతసేపూ 60 చూపిస్తుంది. అదే లెక్కన వేగం తగ్గేటప్పుడు 54కి పడిపోతుంది. కిందికి దిగేటప్పుడు ముందు తేలిక, తర్వాత బరువు. ఇంతా చేసి ఒంట్లో ఒక్క గ్రాము కూడా మారదు.

ఈ మార్పును పసిగట్టేది లోపలి చెవి. అక్కడ జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు ఉంటాయి. వేగం మారగానే అవి కాస్త వెనకబడి, పొర కింది కణాల మీదున్న సన్నటి నూగును వంచుతాయి. ఆ కబురు మెదడుకు చేరుతుంది. కళ్లకేమో లిఫ్ట్ గోడలు కదలకుండా కనిపిస్తాయి. చెవి ఒకటి, కన్ను ఒకటి చెప్పడంతో కొందరికి తల తిరిగినట్టూ ఉంటుంది. కడుపులో జారినట్టు అనిపించడానికి కారణం, లోపలి అవయవాలు బిగించినట్టు ఉండకపోవడమే. వాటిని పట్టి ఉంచే పొరల మీద లాగుడు ఒక్కసారిగా తగ్గుతుంది.

ఇక గుండె సంగతి. ఒకటి రెండు సెకన్ల పాటు పది శాతం తేడా దానికి పెద్ద భారం కాదు. పరుగెత్తేటప్పుడు పాదాల మీద శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం పడుతుంది! మెట్లెక్కినా ఇబ్బంది లేకపోవడం మంచి సంకేతం. బీపీ, షుగర్ చూపించుకుని ఏడాది దాటితే మాత్రం లిఫ్ట్‌తో సంబంధం లేకుండా ఒకసారి పరీక్ష చేయించుకోండి.

లిఫ్ట్‌లో కమ్మీ పట్టుకుని, తల కదపకుండా ఎదురుగా ఒకేచోట చూడండి. ఫోన్ చూడకండి.

బయటికొచ్చాక కూడా తూలుతున్నా, పక్క మీద ఒత్తిగిలితే గిర్రున తిరిగినా, చెవిలో హోరు ఉన్నా, వినికిడి తగ్గినా ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. లిఫ్ట్ తలుపు మూసుకోగానే గుండెదడ, ఊపిరాడనట్టు ఉండటం లాంటివి ఉంటే అది భయం వల్ల కావచ్చు. దానికి మానసిక వైద్యుల దగ్గర మంచి చికిత్స ఉంది. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, మాట తడబడటం, ఒకవైపు చెయ్యి గానీ కాలు గానీ చచ్చుబడటం.. వీటిలో ఏది కనిపించినా, ఎక్కడున్నా సరే, ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.