పాత ఇంజెక్షన్ స్పోర్ట్స్ కారులో ఫ్యూయల్ పంప్ గోల తగ్గేదెలా?

ఫ్యూయల్ పంప్ కూస్తోందని కొత్తది వేసినా ఆ కూత ఆగకపోతే, చాలావరకు తప్పు పంప్‌ది కాదు, దానికి పెట్రోల్ సరిగ్గా అందట్లేదు. కే-జెట్రానిక్ (బాష్ కంపెనీ పాత మెకానికల్ ఫ్యూయల్ ఇంజెక్షన్) లాంటి పాత సిస్టమ్‌లలో పంప్ సాధారణంగా ట్యాంక్ బయటే ఉండి దాదాపు 5 బార్ ప్రెషర్‌తో పెట్రోల్‌ను ముందుకు నెడుతుంది. నెట్టడంలో దిట్టే గానీ పీల్చుకోవడం దానికి అంతగా చేతకాదు. వచ్చే దారిలో కాస్త అడ్డుంటే చాలు, పెట్రోల్‌లో ఆవిరి బుడగలు పుట్టి, పంప్ లోపల చిట్లుతూ కీచుమనిపిస్తాయి.

ముందు పైసా ఖర్చు లేని పరీక్ష: కూత వస్తున్నప్పుడే ట్యాంక్ మూత తీయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి శబ్దం తగ్గితే ట్యాంక్‌లోకి గాలి వచ్చే వెంట్ పైపు మూసుకుపోయినట్టే. తగ్గకపోతే ట్యాంక్ అడుగున ఉండే జల్లెడ చూడండి, ఏళ్ల తరబడి నిలబడ్డ కార్లలో అది తుప్పుతో, జిగురుతో పూడుకుపోతుంది. పంప్‌కి వచ్చే రబ్బరు పైపు పైకి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి ఉండొచ్చు, పాతదైతే ఆలోచించకుండా మార్చేయండి. (ఏది విప్పినా ముందు పెట్రోల్ పైపుల్లోని ప్రెషర్ వదిలి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి.)

కీచు కాకుండా బాడీ అంతా గుయ్యిమని అదురుతుంటే మాత్రం అది మౌంట్ల (పంప్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మల) పని. రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది, లేదా క్లాంప్ ఎక్కడో ఇనుముకు తగులుతుంటుంది. పంప్‌కి ఫోమ్ చుట్టేవాళ్లున్నారు, నాకైతే నచ్చదు, జబ్బు దాచడమే అది. ఇవన్నీ సరిచేశాక సన్నగా జుమ్మనడం మిగిలితే ఆ కార్లకు మామూలే.