అద్దంలో వీపు చూసుకో: డిర్న్‌డల్ కొనబోతున్న అమ్మాయికి లేఖ

మ్యూనిక్

చిరంజీవి అమ్మాయికి,

పిన్ని ఆశీర్వదించి వ్రాయునది. నువ్వు పంపిన ఫొటోలు రెండూ చూశాను. ఈ ఏడాది సెప్టెంబరులో మొదలయ్యే ఇక్కడి బీరు పండగ ఆక్టోబర్‌ఫెస్ట్‌కు మీ ఆఫీసు ఆడవాళ్లంతా ఈ ప్రాంతపు ఆడవాళ్ల సంప్రదాయ ఉడుపు డిర్న్‌డల్ వేసుకుని వెళ్లాలనుకున్నారనీ, నువ్వు ఆన్‌లైన్‌లో ఒకటి చూసి పెట్టుకున్నావనీ, సైజు ఒక్కటే తేలడం లేదనీ రాశావు. ఇంకా డబ్బు కట్టలేదు కనుక మించిపోయింది ఏమీ లేదు. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో బట్టలు సరిచేసే దుకాణంలో కూర్చుని, సెప్టెంబరు వచ్చిందంటే రోజంతా డిర్న్‌డల్ కుట్లు విప్పడం, మళ్లీ వేయడమే పనిగా ఉన్నదాన్ని కాబట్టి, నాకు తెలిసినంతవరకు వివరంగానే రాస్తున్నాను.

ఈ ఉడుపులో ఉండేవి నాలుగు. లోపల రొమ్ము కిందికే ఆగిపోయే పొట్టి తెల్ల బ్లౌజు, దాని మీద చేతుల్లేని బిగుతు రవిక, ఆ రవికకే నడుము దగ్గర అతికి కుట్టిన కుచ్చుల లంగా, ముందువైపు కట్టుకునే ఏప్రన్. ఆ రవిక భాగాన్ని ఇక్కడ మీడర్ అంటారు, ఏప్రన్‌ను షుర్‌ట్సె అంటారు. దుకాణంలో ఈ రెండు మాటలూ నీకు పనికొస్తాయి. బ్లౌజు నచ్చకపోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు, ఏప్రన్ రంగు కుదరకపోతే మార్చుకోవచ్చు, లంగా పొడవైతే మడిచి కుట్టించుకోవచ్చు. మీడర్ భుజం దగ్గర, చంక దగ్గర కుదరకపోతే మాత్రం నా బోటి వాళ్లు చేయగలిగింది చాలా తక్కువ. అందుకే డబ్బు దేనికి పెట్టాలో, ఓపిక దేని మీద చూపాలో ఎవరైనా అడిగితే మీడర్ మీదనే అంటాను.

నా మొదటి డిర్న్‌డల్ సంగతి చెబితే నీకు నవ్వొస్తుంది. తెనాలిలో కుట్టు నేర్చుకున్నదాన్ని, కాస్త వదులుగా ఉంటే ఒద్దికగా ఉంటుందనీ, రేపు ఒళ్లు చేసినా పనికొస్తుందనీ ఒక సైజు పెద్దది కొన్నాను. పొద్దున అద్దం ముందు బాగానే ఉంది. మధ్యాహ్నానికి భుజం పట్టీలు జారడం మొదలుపెట్టాయి, కూర్చున్నప్పుడల్లా మీడర్ పైకి లేచి మెడ దగ్గర దోసెడు ఖాళీ కనిపించింది, సాయంత్రానికి ఏప్రన్ ముడి తుంటి మీదికి దిగిపోయింది. ఒద్దిక కోసం వదులుగా కొన్న బట్టను రోజంతా రెండు చేతులతో పైకి లాక్కుంటూ తిరిగాను. ఆ నాటి ఫొటోలో నేను అక్క గౌను తొడుక్కున్న చిన్నపిల్లలా ఉంటాను. సరిగ్గా బిగిసిన మీడర్ జారదు, లేవదు, వంగినా నీ ఒంటిని వదలదు. అసలు ఒద్దిక అదే.

ఇక కొలతలు. నీ చీర జాకెట్టును ఆదిగా పెట్టుకుని కొలుద్దామని ఆలోచించినట్టున్నావు, అది చాలదు. చీర జాకెట్టు రొమ్ము కింద ఆగిపోతుంది, మీడర్ నడుము దాకా దిగుతుంది. పైగా దీనికింద వేసుకునే బ్రా రొమ్మును కొంచెం పైకెత్తి నిలుపుతుంది కాబట్టి కొలత పడవలసిన చోటే మారిపోతుంది. ముందు ఆ బ్రా కొనుక్కుని, అది వేసుకునే టేపు పట్టుకో. రొమ్ము చుట్టూ, రొమ్ము కింద, నడుము దగ్గర మూడు కొలతలు తీసుకుని, మెడ వెనక ఎముక నుంచి నడుము వరకు వీపు పొడవు కూడా ఎవరిచేతైనా కొలిపించుకో. ఈ చివరిది ఎవరూ కొలుచుకోరు, నా దగ్గరికి వచ్చే తగవుల్లో సగం మాత్రం దాని గురించే.

జర్మనీ సైజు లెక్క తేలికే. రొమ్ము కొలతను సెంటీమీటర్లలో సగం చేసి 6 తీసేస్తే సైజు వస్తుంది: 84 అయితే 36, 88 అయితే 38. నీది 86 అన్నావు, అంటే 37 రావాలి, సైజులన్నీ సరి సంఖ్యలే కాబట్టి రెంటికీ మధ్య పడ్డావు. ఇలా మధ్యలో పడితే చిన్నదే ముందు తొడిగి చూడమంటాను, ఎందుకంటే మందపాటి నూలు గుడ్డ అయినా ఒంటి వేడికి గంటసేపట్లో కొంచెం సర్దుకుంటుంది, దుకాణంలో హాయిగా అనిపించింది పండగ నాటికి వదులవుతుంది. నీ ఎత్తు 155 సెంటీమీటర్లు కనుక ఇంకో సంగతి కూడా తెలుసుకో: పొట్టివాళ్ల కోసం ఇక్కడ వేరే సైజులు ఉన్నాయి, మామూలు సైజులో సగం అంకె వేస్తారు, 36కు 18, 38కి 19. అవి దొరికితే వీపు పొడవు చిక్కు చాలావరకు తీరిపోతుంది.

తొడుక్కున్నాక అందరూ ముందువైపు చూసుకుని మురిసిపోతారు. నువ్వు మాత్రం రెండో అద్దం పెట్టించుకుని వీపు చూసుకో, లేదా ఫోనుతో వెనక నుంచి ఫొటో తీయించుకో. వీపు మీద గుడ్డ ఇస్త్రీ చేసిన దిండు గలీబులా సాఫుగా ఉండాలి. నడుముకు కొంచెం పైన అడ్డంగా మడతలు పడి గుడ్డ పోగుపడుతూ ఉంటే మీడర్ నీకు పొడవైందని అర్థం, కూర్చోగానే అది పైకి తోసుకుని వస్తుంది. హుక్కుల దగ్గర నుంచి చంకలవైపు గీతలు లాగినట్టు కనిపిస్తే బిగుతు ఎక్కువైంది. నిలువు మడతలు పడితే వదులు. లంగా కుచ్చులు మొదలయ్యే కుట్టు నీ నడుములో అన్నిటికన్నా సన్నని చోట పడాలి. అది పక్కటెముకల మీదికి ఎక్కితే ఏప్రన్ కూడా దానితోపాటే ఎక్కి, మనిషి ఉన్నదానికన్నా పొట్టిగా కనిపిస్తుంది. మీ అమ్మకూ నాకూ నడుము పైభాగం పొట్టి, నీకూ అదే వచ్చింది, కాబట్టి నీ విషయంలో మీడర్ పొడవవడమే జరుగుతుందని ముందే చెబుతున్నాను.

అద్దం చూడటం అయ్యాక, అది తొడుక్కునే ఉండి ఒక కుర్చీలో పది నిమిషాలు కూర్చో. అమ్మే అమ్మాయి విసుక్కున్నా సరే. బియ్యం డబ్బా పైఅరలోంచి తీస్తున్నట్టు చేతులు రెండూ ఎత్తు, చంక దగ్గర కోసుకుంటోందా చూడు. పండగ గుడారాల్లో వాళ్లు చేతికిచ్చే గ్లాసు మగ్గులో లీటరు పడుతుంది, నిండితే రెండు కిలోల పైమాటే; నీవు తాగేది ఆపిల్ రసంలో సోడా కలిపిన ఆపిల్ షోర్లే అయినా బరువు మాత్రం అదే. గట్టిగా గాలి పీల్చు. పైపైనే ఊపిరి ఆడుతూ ఉంటే ఆ సైజు వద్దు, లోతుగా పీల్చినప్పుడు మీడర్ నిన్ను కౌగిలించుకున్నట్టు అనిపించి ఊరుకుంటే అదే నీ సైజు.

తరువాత చేయవలసింది ఎవరూ చెప్పరు, చేతి పనివాళ్లం మాత్రం మొదట అదే చేస్తాం. బట్టను తిరగేసి, పక్క కుట్టును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చూడు. మన దర్జీలు జాకెట్టు లోపల మార్జిన్ వదిలినట్టే, మంచి పనితనం ఉన్న మీడర్‌కు పక్క కుట్ల లోపల వేలు వెడల్పుకు పైగా గుడ్డ మిగిలి ఉంటుంది. నడుము దగ్గర నీకు కొంచెం పట్టేసినా, ఒళ్లు మారినా దాన్ని విప్పుకోవచ్చు. చవక రకాల్లో గుడ్డను కుట్టుకు ఆనుకుని కత్తిరించి ఓవర్‌లాక్ చేసేస్తారు, అందులో విప్పడానికి ఏమీ ఉండదు. మార్జిన్ ఉంటే 36 తీసుకో. లేకపోతే 38 కొని బిగించుకుందాం. సాగే గుడ్డతో కుట్టినవి అసలు ముట్టుకోకు. అవి ఎవరికైనా సరిపోయినట్టే ఉంటాయి, ఎవరి ఒంటి మీదా నిలవవు.

లంగా పొడవును నడుము కుట్టు నుంచి కొలుస్తారు, ట్యాగు మీద 50, 60, 70 అని ఉండేది అదే. నీ నడుము నుంచి నేలకు 97 సెంటీమీటర్ల దాకా ఉండవచ్చని నా అంచనా. ఆ లెక్కన 70 లంగా పిక్క మధ్యకు వస్తుంది, 60 మోకాలి కిందికి, 50 మోకాలి పైకి. మోకాలు దాటని పొట్టివాటిని పాతకాలపువాళ్లు ఇప్పటికీ ఒప్పుకోరు, ఈ ఒక్క విషయంలో నేనూ వాళ్ల పక్షమే. నిండు పొడవు లంగా అయితే అంచు నేలకు ఒక బీరు మగ్గు ఎత్తున ఉండాలని ఇక్కడి ముసలమ్మలు చెప్పే లెక్క. తగ్గించవలసి వస్తే గుడ్డ కత్తిరించనివ్వకు. నీ చిన్నప్పుడు అమ్మమ్మ నీ పట్టులంగాకు లోపల మడత వేసి కుట్టి, ఏటేటా ఒక్కొక్కటి విప్పింది గుర్తుందా, అలాగే చేయించాలి. చెప్పుల ఎత్తు తేలకుండా పొడవు తేల్చకు.

బ్లౌజు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అడుగున ఉన్న ఎలాస్టిక్ రొమ్ము కింద పడాలి, చేతుల బుట్టలు జబ్బను కోయకూడదు. చదరపు మెడ, గుండ్రని మెడ, మెడ దాకా మూసినవి కూడా ఉంటాయి. లోతు మెడ నీకు ఇబ్బంది అనిపిస్తే మూసిన రకమే తీసుకో, దాన్ని ఎవరూ వింతగా చూడరు.

ఏప్రన్ లంగా అంచుకన్నా రెండు మూడు సెంటీమీటర్లు పొట్టిగా ఉండాలి, దాని పట్టీ నడుము కుట్టును పూర్తిగా కప్పాలి. మీడర్ హుక్కులన్నీ పెట్టుకున్నాకే కట్టుకో. ముడి నీ ఎడమవైపు వేస్తే పెళ్లి కాలేదనీ, కుడివైపు వేస్తే అయిందనో ఎవరో ఉన్నారనో, వెనక వేస్తే భర్త పోయాడనో, వడ్డించే మనిషనో అర్థం చెబుతారు. ఇవన్నీ వేసుకున్నవాళ్ల కుడి ఎడమలు, ఎదుటివాళ్లవి కావు. గుడారాల్లో వచ్చి పలకరించేవాళ్ల బెడద వద్దనుకుని పెళ్లికాని పిల్లలు కూడా కుడివైపే కడుతుంటారు, అందులో నాకు తప్పేమీ కనిపించదు.

ఇది వీళ్ల కొండ పల్లెల ఉడుపు కదా, మనం వేసుకుంటే ఎబ్బెట్టుగా ఉండదా అని నీ ఉత్తరం చివర అడిగావు. పల్లె పనిపిల్లల బట్టలను చూసి, వేసవికి కొండ ఊళ్లకు వెళ్లే పట్నం ఆడవాళ్లు కుట్టించుకోవడం వల్లనే ఇది ఫ్యాషనుగా పాకింది. మ్యూనిక్‌లో దీన్ని పట్నవాసులకు అలవాటు చేసినవాళ్లలో 1900లో ఇక్కడ దుకాణం తెరిచిన జూలియస్, మోరిట్స్ వాలఖ్ అనే యూదు సోదరులు ముఖ్యులు. 1910లో ఆక్టోబర్‌ఫెస్ట్ నూరేళ్ల ఊరేగింపుకు దుస్తులు సమకూర్చింది వాళ్లే. నాజీల ఏలుబడిలో, 1938లో, ఆ దుకాణం వాళ్ల చేయి దాటిపోయింది. ఎవరిది వేసుకోవచ్చు, ఎవరిది కూడదు అన్న మాట ఎవరైనా ఎత్తితే నాకు ఆ అన్నదమ్ములే గుర్తుకొస్తారు. నువ్వు నిశ్చింతగా వేసుకో. ఎబ్బెట్టుగా ఉండేది కుదరని మీడరే.

ఆన్‌లైన్‌లో చూసినదాన్ని ప్రస్తుతానికి అలాగే వదిలేయి. వచ్చే శనివారం ఉదయం మరియన్‌ప్లాట్స్‌లో దిగు, అక్కడి నుంచి ఈసార్ గేటు దాకా పోయే తాల్ వీధిలో ఈ దుకాణాలు వరసగా ఉంటాయి, ఇద్దరం కలిసి చూద్దాం. సెప్టెంబరు దాకా ఆగితే నచ్చిన సైజు దొరకదు, దొరికినా సరిచేసి ఇవ్వడానికి నా చేతులు ఖాళీగా ఉండవు. వచ్చేటప్పుడు ఆ బ్రా, ఆ రోజు వేసుకోబోయే చెప్పులు సంచిలో పెట్టుకో. సన్నగా కనిపించాలని టిఫిన్ మానేసి మాత్రం రావద్దు. పండగ నాడు ఖాళీ కడుపుతో ఎవరూ కూర్చోరు, కాబట్టి కొలత కూడా తిన్న కడుపుకే పడాలి. పులిహోర నేను డబ్బాలో తెస్తాను, మొదటి దుకాణం ఎక్కకముందే తినేద్దాం.

ఇట్లు,
మీ పిన్ని