లండన్‌కి వెళ్లే సమయం వేరు, వచ్చే సమయం వేరు ఎందుకు?

ప్రశ్న: హైదరాబాద్–లండన్ దూరం ఒక్కటే కదా, వెళ్లడానికి ఎక్కువ సమయం ఎందుకు? టికెట్ చూసి ప్రయాణ సమయాన్ని ఎలా లెక్కకట్టాలి?

జవాబు: శంషాబాద్ నుంచి లండన్‌లోని హీత్రూ విమానాశ్రయానికి అతి దగ్గరి దారి సుమారు 7,750 కిలోమీటర్లు. గాలి లేకుండా గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతే 8 గంటల 37 నిమిషాలు. కానీ విమానం ఎగిరే ఎత్తులో గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. పడమరకు, అంటే లండన్‌కి వెళ్లేటప్పుడు సగటున గంటకు 100 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే 9 గంటల 41 నిమిషాలు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే 7 గంటల 45 నిమిషాలే. శీతకాలంలో గాలి మరింత బలంగా ఉంటుంది కాబట్టి తేడా పెరుగుతుంది. రన్‌వే దాకా పోవడం, ఎక్కడం, దిగడం, హీత్రూ పైన చక్కర్లు దీనికి అదనం. పైగా ఆ దగ్గరి దారి ఉక్రెయిన్ మీదుగా పోతుంది. 2022 ఫిబ్రవరి నుంచి ఆ గగనతలం మూతపడింది, చుట్టు తిరగక తప్పదు.

టికెట్ మీద ఉండేవి స్థానిక సమయాలు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఉదయం 7:00కి బయల్దేరి లండన్ మధ్యాహ్నం 12:30కి చేరితే ఐదున్నర గంటలు కాదు. వేసవిలో లండన్ గడియారం మనకంటే 4:30 గంటలు వెనక ఉంటుంది కాబట్టి అవి కలపండి, మొత్తం 10 గంటలు. అక్టోబర్ చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా 5:30 కలపాలి. తిరుగు ప్రయాణంలో అంతే తీసేయండి.